ఆగ్నేయానికి రెండు వందల మీటర్లు

4 నవంబర్ 2007, ఆదివారం

ఈ డైరీ టేబుల్ మీద తెరిచి పెట్టి పోయినా భయం లేదు. కింది వాటాలో ఉండే మా ఓనరు మంగళం అక్క వాళ్ళది తరతరాలుగా పుదుచ్చేరిలోనే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ ఒక్క అక్షరం చదవడం రాదు. ఆఫీసులో అందరూ తమిళం చదువుకున్నవాళ్ళు. మా ఆయన బాపిరాజు ఉద్యోగం యానాంలో. అంచేత ఇందులో అబద్ధాలు రాయాల్సిన పని లేదు.

నిజం ఏమిటంటే నాకు ముందు నడవాలని ఉంది.

ఇవాళ మా నడక క్లబ్బు మీటింగు. డిసెంబర్ 23న జింజి గుట్టలకి ట్రెక్కింగ్ అన్నారు రాఘవన్ సార్. ఆయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు, క్లబ్బుకి పెద్ద. ఈసారి లీడరుగా ఎవరు నడవాలో ఆయన చెప్పరట. ఊళ్ళో మూడు చోట్ల మూడు చిన్న డబ్బాలు దాచారు. ఎక్కడ దాచారో మాటల్లో చెప్పలేదు, అక్షాంశం రేఖాంశం రాసిన చీటీ చేతికిచ్చారు. జీపీఎస్ పట్టుకుని వెతుక్కోవాలి. దీన్ని జియోకాషింగ్ అంటారట, బయటి దేశాల్లో ఇదొక పెద్ద పిచ్చి. ఒక్కో డబ్బాలో ఒక్కో బుల్లి నోటుబుక్కు. మూడింటిలోనూ సంతకం పెట్టడం ఎవరు ముందు పూర్తి చేస్తే వాళ్ళే జింజిలో ముందు నడుస్తారు. మిగతా పద్దెనిమిది మంది వాళ్ళ వెనక.

పోయినేడు మా క్లబ్బులోనే ఉండే దినకరన్ ముందు నడిచాడు. నేను అందరికన్నా వెనక, నీళ్ళ సీసాల సంచి మోసుకుంటూ. దిగేటప్పుడు ఒక మలుపు దగ్గర దారి తప్పి గంటన్నర ఎవరికీ కనపడలేదు. పందొమ్మిదేళ్ళుగా సర్వే ఆఫీసులో పటాలు గీసే మనిషి గుట్ట దిగలేకపోయింది అని దినకరన్ బస్సులో అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఆఫీసులో కూడా అంతే. గొలుసు పట్టుకుని పొలాలు కొలిచేది మగవాళ్ళు, వాళ్ళు తెచ్చిన అంకెలతో గీతలు గీసేది నేను. నేను గీసిన ఒక్క గీత మీదా నేను నడవలేదు.

6 నవంబర్

జీపీఎస్ కొనాలి. బాపిరాజుకి ఫోన్ చేశాను. అది ఆఫీసు నుంచి ఇంటికి దారి చూపిస్తుందా, చూపిస్తే రెండు కొనుక్కో అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

10 నవంబర్, శనివారం

తట్టాంచావడిలో నటేశన్ షాపుకి వెళ్ళాను. బోటు ఇంజన్లు, వాటి స్పేర్ పార్టులు అమ్ముతాడు. జాలర్లు కొనే జీపీఎస్‌లు కూడా అక్కడే దొరుకుతాయి. గాజు బల్ల మీద మూడు పెట్టాడు.

పసుపుది అన్నిటికన్నా చవక. రాఘవన్ సార్ దగ్గరున్నది అలాంటిదే. తెర నలుపు తెలుపు, శాటిలైట్లు పట్టడానికి బద్ధకం. చెట్టు కిందకి పోతే ఇంకా బద్ధకం అని నటేశనే ఒప్పుకున్నాడు. నల్లది అన్నిటికన్నా ఖరీదు. వేలితో తాకితే చాలు, రంగుల మ్యాపులు, ఫోటోలు, పాటలు కూడా. దినకరన్ తన బావమరిది చేత సింగపూర్ నుంచి తెప్పించుకున్నది ఇదే రకం. చూడగానే నా మనసు దాని మీద పడింది. దాచడం ఎందుకు, నాక్కావలసింది జీపీఎస్ కాదు, దినకరన్ దగ్గరున్నది.

మూడోది బూడిదరంగుది. మధ్యరకం. రంగుల తెర ఉంది కానీ చిన్నది. పక్కన బొత్తాలు. చూడ్డానికి టీవీ రిమోట్ లాగా ఉంది.

అప్పుడే వైతికుప్పం జాలరి ఒకాయన ఇంజన్ రిపేరుకి వచ్చి కూర్చున్నాడు. పేరు ముత్తు. నేను నల్లదాన్ని నిమురుతుంటే చూసి, అమ్మా, ఇది చేతికా, షోకేసుకా అని అడిగాడు. నాకు కోపం వచ్చింది. ఆయన అదేం పట్టించుకోలేదు. నటేశన్‌ని చెంబుతో నీళ్ళడిగి చేతులు తడుపుకుని నల్లదాన్ని తాకాడు. తెర ఒక చోట తాకితే ఇంకొక చోట తెరుచుకుంది. తర్వాత నన్ను కళ్ళు మూసుకుని బూడిదదాని బొత్తాలు నొక్కమన్నాడు. మూడోసారికి వేళ్ళకి తెలిసిపోయింది. అలల్లో ఎవరూ తెర చూడరట, వేళ్ళే చూస్తాయట.

తర్వాత మూడూ పట్టుకుని షాపు ముందు రేకుల నీడలో నిలబడి అంకెలు లెక్కపెట్టాడు. బూడిదది నలభై దాటకుండానే శాటిలైట్లు పట్టింది. నల్లదానికి తొంభై. పసుపుదాని కోసం మేం టీ తాగి వచ్చాం.

చివరికి బ్యాటరీ మాట. నల్లదానిది లోపలే ఉండి చార్జింగ్ పెట్టాల్సిన రకం. బూడిదదానికి రెండు పెన్సిల్ సెల్స్ చాలు. పెట్టెకొట్టులో కూడా దొరికేది మన ప్రాణం కాపాడుతుంది అన్నాడు ముత్తు.

బూడిదది కొన్నాను.

అదే రోజు, సాయంత్రం 7

మెనూలు అన్నీ చూశాను. ఒక చోట మ్యాప్ డేటమ్ అని ఉంది. భూగోళాన్ని ఏ కొలత ప్రకారం లెక్కగట్టాలి అని అడుగుతుంది. కంపెనీవాళ్ళు డబ్ల్యూజీఎస్ 84 అని పెట్టి పంపారు. మా ఆఫీసులో పాత పటాలన్నిటి అంచునా ఎవరెస్ట్ అని ఉంటుంది, అంటే మన దేశానికి వాడిన పాత కొలత, మెనూలో దాని పేరు ఇండియన్. మామూలు జనానికి ఇలాంటివి తెలియవు. వెంటనే ఇండియన్‌కి మార్చేశాను. పందొమ్మిదేళ్ళ సర్వీసు ఊరికే పోదు కదా! చాలా గర్వంగా ఉంది.

18 నవంబర్, ఆదివారం

మొదటి డబ్బా. చీటీలో వైతికుప్పం అని మాత్రం ఉంది, కింద అంకెలు.

గేటు దాటుతుంటే మంగళం అక్క చూసింది. ఏంది తంగచ్చీ, ఆ డబ్బీని చూసుకుంటా యాడికి పోతా ఉండావు, రోడ్డు చూసి నడువు, బస్సోడు గుద్దేస్తాడు అంది. తంగచ్చి అంటే ఇక్కడ చెల్లెలు.

బాణం గుర్తు నన్ను ఒక సందులోకి తీసుకుపోయింది. నూట ఇరవై మీటర్లు, అరవై, పదిహేను, మూడు. ఎదురుగా ఒక వంటింటి గోడ. తలుపు తీసే ఉంది. బాణం లోపలికే చూపిస్తోంది. లోపల చేపలు తోముతున్న ఆవిడ పేరు చంద్ర. మీ వంటింట్లో ఎవరైనా డబ్బా దాచారా అని అడిగాను, నా తమిళంలో. చింతపండు డబ్బా ఉంది, కావాలా అంది. అయినా ఆవిడ పాపం పీట వేసి కూర్చోబెట్టింది. బియ్యం డ్రమ్ము వెనక కూడా చూడనిచ్చింది. గంటసేపు ఆ సందులో ప్రతి గోడ పగుల్లోనూ వేలు పెట్టాను. పిల్లలు వెంటపడ్డారు.

దొరకలేదు.

25 నవంబర్, ఆదివారం

రెండో డబ్బా. తట్టాంచావడి. జీపీఎస్ నన్ను ఒక ఫ్యాక్టరీ గోడ లోపలికి రమ్మంది. వాచ్‌మన్ గోవిందస్వామి రానివ్వలేదు. ఏం పని అంటే డబ్బా వెతకాలి అన్నాను. ఎవరి డబ్బా అంటే తెలియదన్నాను. ఏముంది అందులో అంటే నోటుబుక్కు అన్నాను. నేను వాచ్‌మన్ అయినా నన్ను రానివ్వను.

28 నవంబర్, బుధవారం

క్లబ్బు మీటింగు. దినకరన్ రెండు డబ్బాలూ కనిపెట్టేశాడు. కెమెరాలో ఫోటోలు చూపించాడు. మొదటిది వైతికుప్పంలో వలలు బాగుచేసే కొట్టం పక్కన, రాళ్ళ మధ్య. రెండోది తట్టాంచావడి బస్టాపు బల్ల కింద. రెండూ నేను రోజూ చూసే చోట్లే.

లలితగారికి ఎన్ని దొరికాయి అని అడిగాడు, అందరూ వినేలా. ఒక వంటిల్లు, ఒక వాచ్‌మన్ అన్నాను. మళ్ళీ అందరూ నవ్వారు. మళ్ళీ నేనూ నవ్వాను.

మూడోది మాత్రం అతనికీ దొరకలేదు. సోలై నగర్‌లో సరుగుడు తోపు. పోయిన ఆదివారం అంతా తిరిగాడట. ఇంకా టైముంది. టైముండి నాకేం లాభం.

30 నవంబర్

ఆఫీసుకి పర్మిషన్ పెట్టి నటేశన్ షాపుకి వెళ్ళాను. ఈ సెట్టు పనికిరాదు, తీసుకుని నల్లది ఇవ్వు అన్నాను. గట్టిగానే అన్నాను. నటేశన్ మంచివాడు, సరే అని నల్లదాని పెట్టె బయటికి తీశాడు కూడా. చేయి చాపబోతున్నాను.

ముత్తు మళ్ళీ అక్కడే ఉన్నాడు. ఆయన ఇంజన్ ఇంకా బాగవలేదు. సెట్టు అబద్ధం చెబుతోందని నీకెలా తెలుసు అన్నాడు. డబ్బా దొరకలేదు కాబట్టి అన్నాను. అది రుజువు కాదట. సముద్రంలో వాళ్ళకి అడుగున రాళ్ళుండే చోట్లే చేపలు. అంకెల్లో కాస్త తేడా వస్తే వల రాయికి పట్టి చిరిగిపోతుంది. అందుకని సెట్టు మీద అనుమానం వస్తే, రోజూ బోటు కట్టే గుంజ దగ్గర దాన్ని పెట్టి అంకెలు చూస్తారు. నాలుగు రోజులు ఒకే అంకెలు చూపిస్తే సెట్టు నిజాయితీది. అప్పుడు తప్పు సెట్టులో కాదు, చేతిలో అన్నాడు.

చేతిలో అన్న మాట నాకు నచ్చలేదు. అయినా సెట్టు వెనక్కి తెచ్చుకున్నాను.

1 డిసెంబర్, ఉదయం 6:10

గేటు స్తంభం మీద పెట్టాను. అంకెలు రాసుకున్నాను.

2 డిసెంబర్, ఉదయం 6:10

అవే అంకెలు.

అదే రోజు సాయంత్రం

వైతికుప్పం కొట్టం దగ్గరికి వెళ్ళాను. రాళ్ళ మధ్య డబ్బా ఉంది. తట్టాంచావడి బస్టాపులోనూ ఉంది. సంతకం పెట్టలేదు. దినకరన్ చూపించిన డబ్బాలో సంతకం పెట్టడానికి నాకు సిగ్గు లేదా? ఆ రెండు చోట్లా సెట్టు ఏ అంకెలు చూపిస్తోందో మాత్రం రాసుకుని వచ్చాను.

3 డిసెంబర్

అవే అంకెలు. మంగళం అక్క కాఫీ గ్లాసుతో బయటికొచ్చి, ఏంది, గేటుకి జొరమా, దినామూ చూస్తా ఉండావు అంది.

4 డిసెంబర్

అవే. సెట్టు నిజాయితీది. అయితే మరి?

5 డిసెంబర్, బుధవారం, మధ్యాహ్నం 2:40

ఆఫీసులోనే రాస్తున్నాను.

అన్నం తిన్నాక నా బల్ల మీద ట్రేసింగ్ పేపర్ పరిచాను. ఇది నాకు వచ్చిన పని, దీంట్లో నాకు ఎవరూ వంక పెట్టలేరు. చంద్రగారి వంటిల్లు ఒక చుక్క, వలల కొట్టం ఒక చుక్క, రెండూ కలిపి గీత. ఫ్యాక్టరీ గోడ ఒక చుక్క, బస్టాపు ఒక చుక్క, ఇంకో గీత. తర్వాత రెండో కాగితం తీసి మొదటిదాని మీద పెట్టి జరిపాను.

రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అదే పొడవు, అదే దిక్కు. రెండు వందల చిల్లర మీటర్లు, ఆగ్నేయానికి. వైతికుప్పంలోనూ అంతే, తట్టాంచావడిలోనూ అంతే.

చెడిపోయిన సెట్టు అయితే ఒకసారి అటు, ఒకసారి ఇటు తప్పుతుంది. ఇంత క్రమశిక్షణగా తప్పు చేసేవాళ్ళు లోకంలో ఒక్కరే. సర్వే ఆఫీసువాళ్ళు.

తల ఎత్తి గోడ మీద పటం వైపు చూశాను. కింద అంచున, పందొమ్మిదేళ్ళుగా నేను చూస్తున్న చోట, ఎవరెస్ట్ అని ఉంది. రాఘవన్ సార్ సెట్టు కొన్నది కొన్నట్టు వాడారు. ఆయన అంకెలు డబ్ల్యూజీఎస్‌వి. నేను తెలివితేటలు ప్రదర్శించి నా సెట్టుని పాత కొలతకి మార్చాను. ఒకే అంకె రెండు కొలతల్లో రెండు చోట్లు. ఊళ్ళో ఈ తప్పు ఇంకెవరూ చేయలేరు. దానికి నా అంత చదువుండాలి.

బల్ల మీద తల పెట్టి నవ్వాను. పక్క సీటు అనంతరామన్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

అదే రోజు, సాయంత్రం 6

డేటమ్ మార్చాను. నాలుగు బొత్తాలు, అంతే.

మంగళం అక్కకి చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పేలిపోతాను. అంతా విని, అయితే నిన్ను ఆ డబ్బీ మోసం జేసిందా, నువ్వు డబ్బీని మోసం జేసినావా అంది. నేనే అక్కా అన్నాను. పాపం దాన్ని యాపారి దగ్గిర తిట్టి కూడా వచ్చినావే అంది. నిజమే. సెట్టుకి క్షమాపణ చెప్పుకున్నాను, పైకే.

6 డిసెంబర్

ఆఫీసుకి ముందే బయల్దేరాను. చీటీలో అంకెలు కొట్టి, ఇంటి నుంచి బాణం పట్టుకుని, తెలియని మనిషిలాగా నడిచాను. వలల కొట్టం, రెండు మీటర్లు. సంతకం. బస్టాపు, నాలుగు మీటర్లు. సంతకం. ఇప్పుడు సిగ్గు లేదు, ఇది నా దారే.

ఇక మిగిలింది సోలై నగర్. అతనికీ రెండు, నాకూ రెండు.

8 డిసెంబర్

తుఫాను హెచ్చరిక అంటున్నారు. పెన్సిల్ సెల్స్ నాలుగు కొన్నాను, పెట్టెకొట్టులో.

9 డిసెంబర్, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

ఉదయం ఏడుకి వాన. మంగళం అక్క గేటు దగ్గర అడ్డం నిలబడి, ఈ వానలో యాడికి, మతి పోయిందా ఏంది అంది. తర్వాత తనే లోపలికి పోయి వాళ్ళాయన రెయిన్‌కోటు తెచ్చి తొడిగింది. మోకాళ్ళ కింద దాకా వచ్చింది.

సోలై నగర్ చేరేసరికి తోపు దగ్గర దినకరన్ మోటారుసైకిలు ఉంది. తోపులోకి వెళ్తే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గొడుగు ఒక చేతిలో, నల్లది ఇంకో చేతిలో, దాన్ని తుడవడానికి మూడో చెయ్యి లేదు. తెర మీద పడిన ప్రతి చినుకూ ఒక వేలే అనుకుని అది తనంతట తాను పేజీలు తిప్పేసుకుంటోంది. గొడుగు మెడకి ఆనించి కర్చీఫుతో తుడుస్తాడు, అది పాటలు తెరుస్తుంది. ఇక్కడ డబ్బా లేదండీ, సముద్రంలో కొట్టుకుపోయింది, నేను మూడు ఆదివారాలుగా వెతుకుతున్నా అన్నాడు. పాపం అనిపించింది. నిజంగానే. ఆగలేదు కానీ.

రెయిన్‌కోటు జేబులో చెయ్యి, చేతిలో సెట్టు, బొటనవేలు బొత్తం మీద. చెట్ల కింద ఒకసారి సిగ్నల్ తగ్గింది, నిలబడ్డాను, మళ్ళీ పట్టింది. డెబ్భై, నలభై, పద్దెనిమిది. దినకరన్ వెతుకుతున్నది తోపు మధ్యలో, చెట్ల కింద నల్లది తప్పు చెప్పినట్టుంది. నా బాణం తోపు దాటించి, ఇసుకలో సగం కూరుకుపోయిన విరిగిన కరెంటు స్తంభం దగ్గరికి తీసుకుపోయింది. ఆరు మీటర్లు. మూడు. అక్కడ చూస్తే ఏమీ లేదు. ముత్తు మాట గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని స్తంభం పగులు పొడుగునా వేళ్ళతో తడిమాను. సిమెంటు, ఇనుపచువ్వ, నాచు, సిమెంటు, ప్లాస్టిక్.

ఫిల్ము డబ్బా!

కేక వేశాను. నా జన్మలో అంత గట్టిగా అరవలేదు. వానకి వలల మీద పట్టాలు కప్పుతున్న జాలర్లు ఎవరికో ఏదో అయిందని పరిగెత్తి వచ్చారు. రెయిన్‌కోటు కింద ఒంగుని నోటుబుక్కు తెరిచాను. మొదటి పేజీ ఖాళీ. తెల్లగా. పెన్ను ఎక్కడ? పెన్ను తేలేదు! పందొమ్మిదేళ్ళు పెన్నుతో బతికిన మనిషిని పెన్ను మర్చిపోయి వచ్చాను.

పెన్ను ఇచ్చింది దినకరన్. వెనకే వచ్చి నిలబడ్డాడు, నిలువునా తడిసి. ఒక్క క్షణం డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు, జేబులోంచి పెన్ను తీసి మూత విప్పి ఇచ్చాడు. గొడుగు నోటుబుక్కు మీద పట్టాడు.

లలితకుమారి, 9-12-2007, ఉదయం 8:52.

కింద అతని సంతకం.

12 డిసెంబర్

మీటింగులో రాఘవన్ సార్ నా పేరు చదివారు. దినకరన్ ముందుగా చప్పట్లు కొట్టాడు. సర్వే ఆఫీసు తప్పు సంగతి నేనే లేచి చెప్పాను, ట్రేసింగ్ పేపర్లు కూడా చూపించాను. నవ్వారు. ఈసారి నేను నవ్వించాను, అది వేరే. సెట్టు కొనేవాళ్ళు ఏం చూడాలి అని ఇద్దరు అడిగారు. చేతులు తడుపుకుని షాపుకి పొండి అని చెప్పాను.

బాపిరాజుకి ఫోన్ చేశాను. అంతా విన్నాడు. తర్వాత, 23కి నేనూ వస్తా, నీ వెనక నడుస్తా అన్నాడు.

23 డిసెంబర్, ఆదివారం, జింజి నుంచి తిరుగు బస్సులో

అక్షరాలు వంకరపోతున్నాయి, డ్రైవరు అలా ఉన్నాడు.

ముందు నేను. వెనక పద్దెనిమిది మంది, ఆఖర్న బాపిరాజు. నీళ్ళ సంచి దినకరన్ అడిగి మరీ భుజాన వేసుకున్నాడు. పొద్దున్న మంచు. దారి రెండుగా చీలిన ప్రతిచోటా వెనక మాటలు ఆగిపోయేవి, అందరూ నా వీపు వైపు చూస్తున్నారని తెలిసేది. ఏడు చీలికలు. ఒక్కటీ తప్పలేదు. పైన గాలికి కొంగు నిలవలేదు. మంగళం అక్క కట్టిచ్చిన పులిహోర తిన్నాం, ఊరు, చెరువులు, పొలాల గట్లు అన్నీ కింద కనపడుతుండగా. ఇలాంటి గట్లు ఎన్ని వేలు గీశానో. నడిస్తే ఇలా ఉంటుందన్నమాట.

దిగేటప్పుడు పోయినేడు నేను తప్పిపోయిన మలుపు వచ్చింది. అందర్నీ రెండు నిమిషాలు ఆగమన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

24 డిసెంబర్

ఆ మలుపు. కుడివైపు గుండురాయి, దాని కింద పగులు. అందులో నిన్న నేను దాచిన ఫిల్ము డబ్బా. మొదటి సంతకం నాది.

ఉత్తరం 12° 14.683′, తూర్పు 79° 24.207′.

డబ్ల్యూజీఎస్ 84.